లిమా నుంచి కుస్కోకు ఎలా వెళ్లాలి: ఫ్లైటా, బస్సా, అరెకిపా మీదుగానా?

పెరూ కొండల్లోని పాత రాతి నగరం మచు పిచ్చు చూద్దామని బయల్దేరినవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. డాలస్ నుంచి వెళ్లినా, హ్యూస్టన్ నుంచి వెళ్లినా, హైదరాబాద్ నుంచి యూరప్ మీదుగా వెళ్లినా పెద్ద ఫ్లైట్ మిమ్మల్ని దింపేది సాధారణంగా లిమాలోనే. లిమా సముద్రం ఒడ్డున ఉంది. మచు పిచ్చుకు వెళ్లాలంటే ముందు చేరాల్సిన కుస్కో ఆండీస్ కొండల్లో, 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అరెకిపా ఈ రెండింటికీ దక్షిణాన, 2,335 మీటర్ల ఎత్తున ఉన్న ఇంకో ఊరు. లిమా, కుస్కోల మధ్య దూరం ఎంత అని వెతికితే ఒకచోట 586 కిలోమీటర్లు అని, ఇంకోచోట 1,100 అని కనిపిస్తుంది. గంటన్నర లోపే చేరిపోతామని ఒకరంటే, ఇరవై రెండు గంటలు పట్టిందని ఇంకొకరంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి ఫ్లైటే మంచిది. కానీ ఫ్లైటా, బస్సా అని తలబద్దలు కొట్టుకునేవాళ్లు అసలు విషయం మరిచిపోతారు. చేరిన రోజు రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారు అన్నదే మీ మిగతా ట్రిప్ ఎలా సాగాలో తేలుస్తుంది.

ఒకే దూరానికి రెండు లెక్కలు ఎందుకు

586 అన్నది ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు గీత గీసినట్టు కొలిస్తే వచ్చేది. హైదరాబాద్ నుంచి ముంబైకి గాలిలో ఉన్న దూరం కన్నా కాస్త తక్కువే. రోడ్డుకు ఆ సౌకర్యం లేదు. లిమాకు తూర్పున ఆండీస్ గోడ కట్టినట్టు ఉంటుంది కాబట్టి, ప్రధానమైన రోడ్డు ముందు సముద్రం పక్కనే దక్షిణానికి, ఎడారిలోంచి నాజ్కా దాకా సుమారు 450 కిలోమీటర్లు వెళ్తుంది. అక్కడ ఎడమకు తిరిగి కొండెక్కుతుంది. పుకియో దాటి, 4,000 మీటర్ల పైన ఉన్న చలి మైదానాలు దాటి, అబాంకాయ్‌కి దిగి, అపూరిమాక్ నది లోయలో పడి, మళ్లీ ఎక్కి కుస్కో చేరుతుంది. నాజ్కా నుంచి అబాంకాయ్‌కి 465 కిలోమీటర్ల దాకా, అక్కణ్ణుంచి కుస్కోకు ఇంకో 195. అంతా కలిపితే 1,100 దాటుతుంది. గాలిలో ఉన్న దూరానికి దాదాపు రెట్టింపు.

అందులో సగానికి పైగా మలుపులే. అందుకే రోడ్డు మీద కిలోమీటర్లు లెక్కపెట్టి గంటలు అంచనా వేయకండి. మన హైవే మీద 1,100 కిలోమీటర్లకు పట్టే టైమ్ వేరు, ఇక్కడ పట్టే టైమ్ వేరు.

రైలు ఉందా అని చాలామంది అడుగుతారు. లేదు. కుస్కో నుంచి మచు పిచ్చు వైపూ, టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న పూనో వైపూ టూరిస్టు రైళ్లు ఉన్నాయి కానీ లిమాను కుస్కోతో కలిపే రైలు మార్గమే లేదు.

దేన్ని చూసి ఎంచుకోవాలి

టికెట్ ధర అందరూ చూస్తారు. దానికంటే ముందు చూడాల్సినవి ఇవి.

మొదటిది ఎత్తు. కుస్కోలో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. అంటే ప్రతి శ్వాసలోనూ ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. లేహ్ వెళ్లొచ్చినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు, రెండు ఊళ్ల ఎత్తూ దాదాపు ఒకటే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలు లక్షణాలు. అక్కడివాళ్లు సొరోచే అంటారు. ఇది దిగీదిగగానే రాదు. ఎక్కువమందికి రెండు నుంచి పన్నెండు గంటల్లో, ముఖ్యంగా మొదటి రాత్రి మొదలవుతుంది. ఎయిర్‌పోర్ట్‌లో హుషారుగా ఉన్నామని సాయంత్రం మెట్లెక్కి ఊరంతా తిరిగినవాళ్లే తెల్లారి మంచం దిగలేకపోతారు.

రెండోది, హోటల్ గది నుంచి హోటల్ గదికి పట్టే మొత్తం సమయం. గాలిలో గంట ఎగిరి, నేల మీద నాలుగు గంటలు గడిపే ప్రయాణం ఇది.

మూడోది సీజన్. నవంబర్ నుంచి మార్చి దాకా కొండల్లో వానలు, జనవరి, ఫిబ్రవరిల్లో మరీ ఎక్కువ. అప్పుడు కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు సెలవులు కుదిరే థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సరిగ్గా ఈ సీజన్‌లోకే వస్తాయి, అది గుర్తుంచుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుస్కోలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కానీ అవే నెలల్లో లిమాను పొగమంచు కమ్ముతుంది, కొన్ని పొద్దుళ్లు ఫ్లైట్లు లేటవుతాయి.

నాలుగోది, మీతో ఎవరున్నారు. అరవై దాటిన అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకూ, బ్యాక్‌ప్యాక్ వేసుకుని ఒంటరిగా తిరిగే కుర్రాడికీ ఒకే సలహా పనికిరాదు.

| దారి | దూరం (సుమారు) | వాహనంలో గడిచేది | గది నుంచి గదికి | ఎత్తుకు అలవాటు |
|---|---|---|---|---|
| నేరుగా ఫ్లైట్ | 586 కి.మీ. | గంటా 20 నిమిషాల నుంచి గంటన్నర | 5 గంటలు | ఏమీ ఉండదు, దిగాక చూసుకోవాలి |
| నేరుగా బస్సు, అబాంకాయ్ మీదుగా | 1,100 కి.మీ. | 20–24 గంటలు | ఒక రోజు మొత్తం | పేరుకే |
| ఆగుతూ బస్సుల్లో: పరాకాస్, నాజ్కా, అరెకిపా | 1,500 కి.మీ. | 25 గంటలకు పైనే, ముక్కలుగా | 5 నుంచి 7 రోజులు | బాగుంటుంది |
| అరెకిపాకు ఫ్లైట్, ఆగి మళ్లీ ఫ్లైట్ లేదా బస్సు | 765 + 314 కి.మీ. గాలిలో | గంటన్నర + గంట (బస్సైతే రెండోది 10 గంటలు) | 3 నుంచి 4 రోజులు | బాగుంటుంది |

నేరుగా ఫ్లైట్

ఈ రూట్‌లో లాతమ్, స్కై, జెట్‌స్మార్ట్ కంపెనీలు విమానాలు నడుపుతాయి. తెల్లవారుజాము నుంచి వరసగా ఫ్లైట్లు ఉంటాయి. ఎగిరేది గంటకు అటూ ఇటూ, టికెట్ మీద వేసే సమయం గంటా ఇరవై నుంచి గంటన్నర.

ఇప్పుడు మిగతా గంటలు లెక్కేయండి. టూరిస్టులు ఎక్కువగా ఉండే మిరాఫ్లోరెస్ నుంచి హొర్హె చావెజ్ ఎయిర్‌పోర్ట్‌కు ట్రాఫిక్ లేకపోతే నలభై ఐదు నిమిషాలు, ఉంటే గంటన్నర. ఎయిర్‌పోర్ట్ నిజానికి లిమాలో కాదు, పక్కనున్న కాయావోలో ఉంది. 2025 జూన్ నుంచి అక్కడ కొత్త టెర్మినల్ వాడుకలోకి వచ్చింది. పాత టెర్మినల్ ముందు ఫలానా హోటల్ ఉంది, నడిచి వెళ్లిపోవచ్చు అని రాసిన పాత సలహాలు నమ్మి రూమ్ బుక్ చేసుకోకండి. టెర్మినల్‌కు రెండు గంటల ముందు చేరాలి. అవతల కుస్కో ఎయిర్‌పోర్ట్ మాత్రం ఊళ్లోనే ఉంది. చిన్నది, బ్యాగ్ తీసుకుని బయటపడితే ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా దె ఆర్మాస్‌కు ట్యాక్సీలో పావుగంట, ఇరవై నిమిషాలు.

పొద్దున ఫ్లైటే తీసుకోండి. కుస్కో లోయలో మధ్యాహ్నం దాటాక గాలులు పెరుగుతాయి. గాలి వేడెక్కి పలచబడితే అంత ఎత్తులో విమానం పైకి లేవడమూ కష్టమే, దాంతో ఆ పూట షెడ్యూల్ అటూ ఇటూ అవుతుంది. పొద్దున ఫ్లైట్ క్యాన్సిల్ అయితే అదే రోజు ఇంకోటి దొరకొచ్చు. ఆఖరి ఫ్లైట్ పోతే ఆ రోజు పోయినట్టే.

కిటికీ సీటు దొరికితే వెళ్లేటప్పుడు ఎడమ వైపు, తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు తీసుకోండి. విల్కబంబ కొండల వరస ఆ పక్కనే ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే 6,271 మీటర్ల సాల్కాంతాయ్ మంచు శిఖరం రెక్క పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. దిగేటప్పుడు లోయలో కొండల మధ్య మలుపు తిరుగుతుంది, ఇళ్ల కప్పులు మరీ దగ్గరగా వస్తాయి. కంగారు పడక్కర్లేదు, అక్కడ రోజూ అలాగే దిగుతాయి. 1925లో పెరూ పైలట్ అలెహాంద్రో వెలాస్కో అస్తెతె లిమా నుంచి ఆండీస్ దాటి కుస్కోకు ఎగిరాడు. ఎయిర్‌పోర్ట్‌కు ఆయన పేరే పెట్టారు. అదే సంవత్సరం పూనోలో విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఫ్లైట్‌లో ఒక తమాషా గమనించండి. ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో ఒత్తిడి మహా అయితే 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంత ఉంటుంది. కుస్కో ఎయిర్‌పోర్ట్ 3,310 మీటర్ల మీద ఉంది. అంటే విమానం లోపలి గాలి కంటే నేల మీది గాలే పలచన. ఎక్కడైనా విమానం దిగితే చెవులు ఒక రకంగా మూసుకుంటాయి, ఇక్కడ తిరగబడుతుంది. లిమాలో కొన్న చిప్స్ ప్యాకెట్ బ్యాగులోంచి తీస్తే బెలూన్‌లా ఉబ్బి ఉంటుంది. షాంపూ మూత తీసేటప్పుడు బట్టలకు దూరంగా పెట్టుకోండి.

ఇదీ ఫ్లైట్‌లో ఉన్న అసలు చిక్కు. గంటన్నరలో సముద్ర మట్టం నుంచి 3,400 మీటర్లకు లేపేస్తుంది. ఒంటికి సర్దుకునే వ్యవధి ఉండదు. దీనికి విరుగుడు బస్సు ఎక్కడం కాదు, దిగాక కిందికి పోవడం. మచు పిచ్చు 2,430 మీటర్ల ఎత్తులోనే ఉంది, కుస్కో కంటే దాదాపు కిలోమీటరు కింద. మధ్యలో ఉన్న పవిత్ర లోయలో ఉరుబాంబా 2,870, ఒయాంతాయ్‌తాంబో 2,800 మీటర్ల దగ్గర ఉన్నాయి. కుస్కోలో దిగగానే ఊళ్లోకి పోకుండా ట్యాక్సీ మాట్లాడుకుని నేరుగా లోయలోకి దిగండి. ఉరుబాంబాకు గంటంబావు, ఒయాంతాయ్‌తాంబోకు గంటన్నర నుంచి రెండు గంటలు. దారిలో చించేరో దగ్గర కాసేపు 3,700 మీటర్లు దాటుతారు కానీ అది దారిలో సంగతి, మీరు రాత్రి పడుకునేది కింద. ఒకటి రెండు రాత్రులు అక్కడ గడిపి, ఒయాంతాయ్‌తాంబో నుంచే రైలెక్కి మచు పిచ్చు చూసి, ఆఖర్న కుస్కోకు రండి. అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది, కుస్కో వీధులు సుఖంగా నడవగలుగుతారు. టూర్ ఏజెంట్లు ఎందుకో ముందు కుస్కో రెండు రాత్రులు పెట్టి ఇస్తారు. ఆ ప్యాకేజీ తిరగేసి అడగండి, మీకు అదనంగా అయ్యేది పెద్దగా ఉండదు.

చవక టికెట్ల సంగతి కూడా. బ్యాగేజీ నియమాలు చదవకుండా అతి తక్కువ ధర చూసి కొంటే గేటు దగ్గర వదుల్తుంది. మా బృందంలో ఒకరి బ్యాక్‌ప్యాక్‌ను గేటు దగ్గర కొలత పెట్టెలో తోసి చూసి, పట్టలేదని టికెట్టులో సగం ధర వసూలు చేశారు. చెక్-ఇన్ బ్యాగ్ ముందే కలుపుకుంటే చవక.

నేరుగా బస్సు

లిమాలో అందరూ వాడే ఒకే బస్టాండ్ అంటూ లేదు, పెద్ద కంపెనీలకు ఎవరి టెర్మినల్ వాళ్లదే. క్రూస్ దెల్ సుర్ లాంటి పెద్ద కంపెనీల రెండంతస్తుల బస్సులు చూస్తే ముచ్చటేస్తుంది. కింది అంతస్తులో 160 డిగ్రీలు వెనక్కి వాలే వెడల్పాటి సీట్లు, పైన 140 డిగ్రీల సీట్లు. దుప్పటి, దిండు, భోజనం ఇస్తారు. బ్యాగులకు విమానంలో లాగే ట్యాగ్ వేసి తీసుకుంటారు, పాస్‌పోర్ట్ చూపించాలి.

బస్సు పక్షాన చెప్పే మాట ఒకటుంది. మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఎత్తు అలవాటవుతుంది అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. అలవాటు పడడమంటే ఒక ఎత్తులో రాత్రి పడుకుని, మర్నాడు ఇంకాస్త పైకి పోవడం. ఈ బస్సు ఆరు వందల మీటర్ల లోపు ఉన్న నాజ్కా నుంచి ఒకే రాత్రిలో 4,000 మీటర్ల పైకి ఎక్కేస్తుంది. అంటే కుస్కో కంటే పైకి. మీరు ఆ ఎత్తులో నిద్రలో ఉంటారు. తలనొప్పి వస్తే దిగడానికి లేదు, పక్కకు తిరగడానికి లేదు. దానికి తోడు మలుపులు. కారులో కడుపు తిప్పే అలవాటున్నవాళ్లకు అర్ధరాత్రి ఆ ఘాట్ రోడ్డులో ఎత్తు వల్ల వికారమో, మలుపుల వల్ల వికారమో తెలియదు. చేరేసరికి ఒళ్లు హూనం.

డబ్బు మిగులుతుందా అంటే, ముందుగా కొన్న చవక ఫ్లైట్ టికెట్‌కూ మంచి బస్సులో కింది సీటుకూ తేడా చాలాసార్లు తక్కువే ఉంటుంది. హోటల్ ఖర్చు ఒక రాత్రి మిగులుతుంది, పగలు ఒకటి పోతుంది. సాదా బస్సులు బాగా చవక, కానీ ఆ రోడ్డు మీద రాత్రిపూట మంచి కంపెనీ కాని బస్సు ఎక్కమని నేనెవరికీ చెప్పను.

అయితే ఇది పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు. జూలై 28, 29 పెరూ స్వాతంత్ర్య దినాల్లోనూ, జూన్ 24న కుస్కోలో ఇంతి రాయ్మి పండగప్పుడూ ఫ్లైట్ ధరలు ఆకాశాన్నంటుతాయి. విమానమంటే భయం ఉన్నవాళ్లకు బస్సు తప్ప వేరే దారి లేదు. కొండల్లో తెల్లారడం చూడాలనుకునేవాళ్లు పై అంతస్తులో ముందు వరస సీటు పట్టుకుంటే, పొద్దున అపూరిమాక్ లోయ అద్దం నిండా కనిపిస్తుంది. ఇది మటుకు ఫ్లైట్‌లో దొరకదు.

తిండి గురించి ఒక మాట. శాకాహారులు బస్సులో ఇచ్చే భోజనం మీద ఆశ పెట్టుకోకండి. మాంసం వద్దంటే చికెన్ పెట్టి ఇవ్వడం అక్కడ మామూలే. అన్నం మటుకు పెరూలో దొరకని చోటు ఉండదు. పులిహోర కలిపి పట్టుకెళ్లినవాళ్లను చూసి నవ్వుకోవాల్సిన పని లేదు, ఆ రాత్రికి వాళ్లదే రాజభోగం.

ఆగుతూ వెళ్లే దారి

వారానికి పైగా సెలవు ఉంటే నాకు నచ్చే దారి ఇదే. లిమా నుంచి పరాకాస్‌కు నాలుగు గంటలు. అక్కడ పొద్దున పడవలో బాయెస్తాస్ దీవులకు వెళ్తే సీ లయన్లు, పెంగ్విన్లు, పక్షుల గుంపులు. తర్వాత ఇకా అనే ఊరి పక్కన ఇసుక దిబ్బల మధ్య చిన్న మడుగు, వాకచీనా. సాయంత్రం బగ్గీలో దిబ్బల మీదికి తీసుకెళ్తారు. నడుము నొప్పి ఉన్నవాళ్లు వద్దు. తర్వాత నాజ్కా గీతలు, అంటే ఎడారి నేల మీద పాతకాలంలో గీసిన పెద్ద పెద్ద బొమ్మలు. చిన్న విమానంలో అరగంట తిప్పుతారు, ప్రతి బొమ్మనూ రెండు పక్కలవాళ్లకూ చూపించడానికి రెక్క వంచి గుండ్రంగా తిప్పుతారు. ఖాళీ కడుపుతో ఎక్కడం మంచిది.

ఇంతవరకూ అంతా సముద్ర మట్టానికి దగ్గరే. ఎత్తు మొదలయ్యేది అరెకిపాలో. నాజ్కా నుంచి తొమ్మిది, పది గంటల బస్సు. ఊరు 2,335 మీటర్ల ఎత్తున, మిస్తీ అగ్నిపర్వతం ముందర ఉంటుంది. తెల్ల రాతి కట్టడాలు. శాంతా కాతలీనా మఠం ఒక్కటే ఒక చిన్న ఊరంత ఉంటుంది, అర పూట తిరగొచ్చు. రెండు రాత్రులు ఇక్కడ ఉంటే ఒంటికి మొదటి మెట్టు పూర్తయినట్టు. ఆ తర్వాత కుస్కోకు సుమారు 510 కిలోమీటర్లు, పది గంటల బస్సు. లేకపోతే గంట ఫ్లైట్.

జాగ్రత్త ఒక్కటే. అరెకిపాలో దిగిన మర్నాడే కోల్కా లోయ టూర్ పెట్టుకోకండి. కొండోర్ పక్షులను చూడ్డానికి పోయే ఆ దారి 4,900 మీటర్లు దాటిన కనుమ మీదుగా వెళ్తుంది. రాత్రి ఉండే చివాయ్ కూడా 3,600 పైనే. ఎత్తు తప్పించుకోడానికి అరెకిపా వచ్చి, రెండో రోజే కుస్కో కంటే పైకి పోవడం దేనికి?

ఈ దారిలో లెక్క తప్పేది రోజుల దగ్గర. మ్యాప్ మీద చుక్కలు దగ్గరగా ఉన్నాయని మచు పిచ్చుతో కలిపి ఐదు రోజుల్లో ఇరికించేవాళ్లు బస్సులోనే సెలవంతా గడిపి మచు పిచ్చు దగ్గర నీరసంగా ఫొటోలు దిగుతారు.

అరెకిపాకు ఫ్లైట్, ఆ తర్వాత కుస్కో

ఎడారి ఆసక్తి లేక, ఎత్తు భయం మాత్రం ఉన్నవాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. లిమా–అరెకిపా గంటన్నర ఫ్లైట్, రెండు మూడు రాత్రులు, ఆ తర్వాత కుస్కోకు ఇంకో చిన్న ఫ్లైట్. టికెట్ ఖర్చు కొంచెం పెరుగుతుంది. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు, గతంలో లేహ్‌లోనో ఇంకో ఎత్తైన చోటో ఇబ్బంది పడినవాళ్లు ఈ దారి ఆలోచించండి.

పూనో, టిటికాకా సరస్సు మీదుగా వెళ్లొచ్చా అని కొందరు అడుగుతారు. వెళ్లొచ్చు, కానీ మొదట అటు కాదు. అది 3,800 మీటర్ల పైన ఉంది. కుస్కో తర్వాత పెట్టుకోండి.

ఎవరికి ఏది

మొత్తం పెరూకు ఐదారు రోజులే ఉంటే ఇంకో ఆలోచన లేదు, పొద్దున ఫ్లైట్, దిగగానే పవిత్ర లోయ. థాంక్స్‌గివింగ్ వారంలో వెళ్లే సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. అమెరికా నుంచి వచ్చే చాలా ఫ్లైట్లు లిమాలో రాత్రిపూట దిగుతాయి. ఇమిగ్రేషన్ లిమాలోనే, బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాల్సిందీ అక్కడే. కుస్కో ఫ్లైట్‌కు కనీసం మూడు గంటలు తేడా పెట్టుకోండి. రాత్రంతా కుర్చీలో కూర్చుని తెల్లవారుజామున కుస్కో వెళ్తే నిద్రలేమి, ఎత్తు రెండూ ఒకేసారి మీద పడతాయి. లిమాలో ఒక రాత్రి పడుకుని మర్నాడు పొద్దున వెళ్లడమే నయం.

పెద్దవాళ్లతో అయితే అరెకిపా, లేకపోతే ఫ్లైట్ ప్లస్ లోయ. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టర్‌ను అడగాలి. ఎత్తుకు వాడే డయామాక్స్ మాత్ర కూడా డాక్టర్ చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ విషయం తప్పకుండా చెప్పాలి. కోకా ఆకుల టీ ప్రతి హోటల్లో ఇస్తారు, తాగొచ్చు. కానీ ఆ టీ సంచులు గుర్తుగా తెచ్చుకోవద్దు, అమెరికాలో పట్టుకుంటారు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, మాట తడబడడం, నడకలో తూలడం కనిపిస్తే అది మామూలు తలనొప్పి కాదు. టీలు, మాత్రలు అంటూ ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి, వెంటనే కిందికి దిగాలి.

చిన్నపిల్లలతో రాత్రి బస్సు వద్దు. తల నొప్పి ఎక్కడో చెప్పలేని వయసు పిల్లలుంటే కుస్కోలో మొదటి రాత్రి అసలే వద్దు.

విద్యార్థులు, రెండు వారాల పైన ఉన్నవాళ్లు ఆగుతూ వెళ్లండి. తిరుగు ప్రయాణం ఫ్లైట్ పెట్టుకోండి.

సమ్మెల సంగతి అందరికీ వర్తిస్తుంది. పెరూ దక్షిణ ప్రాంతంలో రోడ్లు దిగ్బంధం చేయడం అప్పుడప్పుడూ జరుగుతుంది. 2022 డిసెంబర్ నుంచి సాగిన ఆందోళనల్లో కుస్కో ఎయిర్‌పోర్ట్ కూడా కొన్నిసార్లు మూతపడింది. 2023 జనవరి 21న మచు పిచ్చునే మూసేశారు, ఫిబ్రవరి మధ్యలో గానీ తెరవలేదు. మామూలు సమ్మెల్లో ముందు ఆగేది బస్సులే, ఫ్లైట్ ఎక్కువసార్లు గట్టెక్కిస్తుంది. బయల్దేరే వారంలో స్థానిక వార్తలు చూడండి. మార్చుకోగలిగే టికెట్‌కు కాస్త ఎక్కువైనా పెట్టండి.

బుకింగ్ వరస

ఫ్లైట్ టికెట్‌తో మొదలుపెట్టకండి. ముందు మచు పిచ్చు ప్రవేశ టికెట్ ఏ రోజుకు, ఏ గంటకు దొరుకుతుందో చూడండి. మే నుంచి సెప్టెంబర్ దాకా అవి ముందే అయిపోతాయి. దాన్ని బట్టి ఒయాంతాయ్‌తాంబో రైలు, దాన్ని బట్టి లోయలో రాత్రులు, అప్పుడు లిమా–కుస్కో ఫ్లైట్. చేరిన రోజుకూ మచు పిచ్చు రోజుకూ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఖాళీ ఉండాలి. ఫ్లైట్ ఒక పూట జారినా మిగతావి కూలిపోవు.

తిరుగు ప్రయాణానికి ఎత్తు బెంగ లేదు, కుస్కో నుంచి లిమాకు కళ్లు మూసుకుని ఫ్లైట్ తీసుకోండి. కానీ అదే రోజు రాత్రి అమెరికా ఫ్లైట్ ఉంటే కుస్కో నుంచి మధ్యాహ్నం లోపే బయల్దేరాలి. వానల నెలల్లో అయితే ముందు రోజే లిమా చేరిపోండి. మిరాఫ్లోరెస్‌లో సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం గడవడానికి చోటుకు కొదవ లేదు.